పిల్లమ్మ నింపిన చేట

సూళగిరి సంతలో కూరగాయల వరస పిల్లమ్మతో మొదలయ్యేది. ఉద్దనపల్లిలో నాలుగెకరాల బావి సేద్యం ఆమెది. మొగుడు పోయాక కూలీలను పెట్టి తానే సాగించింది. ఆమె ఏ ధర చెబితే మాకూ అదే ధర. డెబ్బై ఎనిమిది నుంచి నేనూ ఆ వరసలో మూడోదాన్ని, వంకాయలు అమ్మేదాన్ని.

సంతకు తానే కాపలా అనేవాడు మునియప్ప. వాణ్ణి కాపలా పెట్టింది ఎవరో దేవుడికే తెలియాలి. మనిషికి చేటెడు కాయలు తీసుకునేవాడు. ఇవ్వనన్న ఒక ముసలాయన బండి కాలువలో పడింది. అయినా మేం భయపడే ఇచ్చామంటే అబద్ధం. వాడెప్పుడూ పిల్లమ్మ దగ్గరే మొదలుపెట్టేవాడు. ఆమె కిమ్మనకుండా చేట నింపేది. ఆమే ఇచ్చాక మనమెంత అని మేమూ నింపేవాళ్లం. లోపల అందరం తిట్టుకునేవాళ్లమే, పక్కామెకు చెప్పాలంటే మాత్రం సిగ్గు.

ఎనభై రెండులో, అనపకాయల కాలంలో, మా వరసలోని మంజులమ్మ అరబుట్టే తెచ్చింది. మొగుడు మంచాన పడ్డాడు, అవి అమ్మితేనే మందు. ఈ ఒక్క వారం వదిలేయమని బతిమాలింది. మునియప్ప గొంతు కూడా పెంచలేదు.

"పిల్లమ్మే ఇచ్చింది గదమ్మా. ఆయమ్మ కన్నా పెద్దదానివా నువ్వు?"

మంజులమ్మ చేట అందుకుంది. పిల్లమ్మ లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యొద్దు మంజులమ్మా. సంత అయినాక నా కాయలు నాకే బస్సు కాడ తెచ్చిస్తాడు ఈయప్ప. నాలుగేండ్లుగా తీసుకుని గమ్మునుండిపోయినాను."

ఆ రోజు ఎవరూ చేట నింపలేదు. మునియప్ప వరస చివరిదాకా నడిచి, ఖాళీ గోనెతో వెళ్లిపోయాడు. ఇంతేనా వీడు అని నాకు ఒళ్లు మండింది. పిల్లమ్మ మీద ఇంకా మండింది.

సాయంత్రం బస్సులో ఆమె పక్కన చోటుంది. ఎవరూ కూర్చోలేదు, మందు కొనుక్కొచ్చిన మంజులమ్మ కూడా. పిల్లమ్మ ఆ చోటులోని సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కూచో రంగమ్మా, కాళ్లు నొస్తాయి" అంది నాతో.

నాకు కూర్చోవాలనే ఉంది. అలా ఎందుకు చేశావని అడగాలనీ ఉంది. మిగతావాళ్లంతా నిలబడ్డారని, నేనూ ఉద్దనపల్లి దాకా నిలబడే వచ్చాను. పై వారం నుంచి ఆమె సంతకు రాలేదు.