మునేటి ఒడ్డున ఫైబరు బండి

కీసర వంతెన దాటేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మార్చి నెల. బెజవాడలో రైలు దిగి, సామానుతో పాటు మిలిటరీ లారీ వెనక కూర్చున్నాను. నందిగామ ఇంకా రాకముందే లారీ కుడిచేతి వైపు నల్లరేగడి బాట పట్టింది. ఆ బాట నాకు తెలుసు. దాని చివర మా పల్లె ఉంది.

పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. సరిహద్దుకు పంపుతారని పెట్టె సర్దుకున్నవాణ్ణి తీసుకొచ్చి మా మేనత్త గుమ్మానికి కూతవేటు దూరంలో దించారు. ఇలాంటి పోస్టింగు ఎవడికీ రాదు. పొంగిపోయాను. నన్నే ఎందుకు ఏరుకున్నారో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

మేం నలుగురం. కెప్టెన్ ఉత్తరాదివాడు, ఎప్పుడూ నవ్వుమొహం. వైర్‌లెస్ ఆపరేటరు అరవాయన. డ్రైవరు సర్దార్జీ. నాలుగోవాణ్ణి నేను, రేకు పనివాణ్ణి. సొట్టలు పడిన మిలిటరీ బండ్లను సుత్తితో కొట్టి సాపు చెయ్యడం నా ఉద్యోగం.

అక్కడి పని ఇది. ఒక పాత పికప్ బండి ఇచ్చారు. ఇంజను గట్టిదే, బాడీ మాత్రం తుప్పు తినేసింది. ఆ రేకంతా ఊడదీసి ఫైబరు గ్లాసు పలకలు బిగించాలి. బిగించాక నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య రోజూ తిప్పి, రాళ్ళకూ దుమ్ముకూ ఎండకూ ఎలా నిలుస్తుందో చూడాలి. సామాను: రెండు గుడారాలు, రెండు టార్పాలిన్లు, చేతి డ్రిల్లు, రంపపు బ్లేళ్ళు, ఆకురాళ్ళు, గరుకు కాగితం, రెజిన్ డబ్బాలు.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. గాజును సన్నటి పీచుగా తీసి గుడ్డలా పరుస్తారు. దాని మీద రెజిన్ అనే జిగురు పూస్తే ఆరి రేకులా గట్టిపడుతుంది. బరువు తక్కువ. తుప్పు పట్టదు. కానీ గీకినప్పుడు లేచే పొడి ఒంటికి అంటిందంటే దురదగొండి ఆకే నయం.

పెట్టెలు విప్పితే పలకలు మా బండివి కావు. వేరే రకం బండికి చేసినవి. మడ్‌గార్డు చక్రం మీద కూర్చోలేదు. బోల్టు బెజ్జాలు బొటనవేలంత పక్కకు పోయాయి. కెప్టెన్‌కు చూపించాను.

"సరిచెయ్యి," అన్నాడు.

కోసి, అతికి, గీకి, మళ్ళీ బెజ్జాలు పెట్టాలన్నమాట. ఎండకు రెజిన్ డబ్బాలోనే గడ్డ కట్టేది. డబ్బా చుట్టూ తడి గోనె చుట్టి, పొద్దున్నే చల్లపూట పూత వేశాను. అది దారికొచ్చింది. దారికి రానిది మిరపకాయ.

మా గుడారాలు వేసింది ఊరి కల్లాల పక్కన. ఆ నెలలో మా వైపు కల్లాల నిండా మిరపకాయలే. గాలి లేచిందంటే తొడిమలూ గింజలూ పొడీ అన్నీ మా మీదే. మొదటి మడ్‌గార్డు పూత ఆరేసరికి దాని నిండా గింజలు అంటుకుని ఉన్నాయి. సర్దార్జీ గడ్డానికి తడిగుడ్డ కట్టుకున్నాడు. ఆపరేటరు సెట్టు ముందు కూర్చుని, "పలక నంబరు ఒకటి..." అనేలోపు వరసగా తుమ్ములు.

"మళ్ళీ చెప్పండి. ఓవర్," అన్నారు అవతలి నుంచి.

"పలక నంబరు... హాచ్!"

"ఆ మాట అర్థం కాలేదు. ఓవర్."

అందరం నవ్వాం. కెప్టెన్ కూడా నవ్వాడు. తర్వాత నన్ను గుడారంలోకి పిలిచాడు. ఆయన మాటలు హిందీలో, ఇక్కడ రాస్తున్నది నా తెలుగు.

"ఆ కాయలు అక్కణ్ణుంచి తీయించు."

"కుదరదు సార్. అది వాళ్ళ ఏడాది తిండి."

ఆయన కోప్పడలేదు. నన్ను కూర్చోమన్నాడు. మీ ఊళ్ళో జబ్బు చేస్తే ఆస్పత్రికి ఎలా వెళతారని అడిగాడు. ఎడ్లబండి మీద నందిగామ వెళతారని చెప్పాను. వానపడితే రేగడి బాటలో చక్రం దిగబడి అదీ ఉండదని కూడా చెప్పాను.

"పరీక్షలయ్యాక ఈ బండి మాకు పనికిరాదు. లెక్కల్లోంచి కొట్టేస్తారు. మీ ఊరికి ఇప్పిస్తాను. రోగుల్ని మోసుకోండి. నా మాట అని చెప్పు. మీ భాషలో చెప్పు," అన్నాడు.

ఆ సాయంత్రం మిషను బడి ముందు ఊరందరికీ చెప్పాను. బడి మేష్టారు లేచి, "సంతకం పెట్టిన కాయితమేమన్నా ఇస్తారా అబ్బాయ్?" అన్నారు.

"మిలిటరీ ఆఫీసరు మాటండి మేష్టారూ. కాయితం కంటే ఎక్కువండి."

అంత గట్టిగా అన్నాను. అంత నమ్మాను మరి.

కల్లంలో పెద్ద రాశి మా మేనత్త మరియమ్మది. కౌలుకు తీసుకున్న చేలో ఇంటిల్లిపాదీ వొంగి పండించిన కాయ. ఆమె కోడలు రూతమ్మ అప్పుడు నిండు నెలలకు దగ్గరపడింది. అంతకుముందు కాన్పులో బండి బురదలో దిగబడి, దారిలోనే కని, బిడ్డను పోగొట్టుకుంది. అందుకని అత్త ఆ రాత్రంతా ఆలోచిస్తూ కూర్చోలేదు. అక్కడే తేల్చుకుంది.

"నిజంగా ఇస్తారంట్రా ఏసోబూ?"

"కెప్టెన్ మాటిచ్చాడత్తా."

"ఆయనెవరో నాకేం తెలుసురా. నువ్ చెప్పు."

"ఇస్తారత్తా."

"అయితే రేపే ఎత్తేస్తాం," అంది.

తెల్లారేసరికి ఊరి ఆడవాళ్ళంతా గంపలతో కాయను మునేటి ఇసుకలోకి మోశారు. కల్లం అంటే మెరక నేల, పేడతో అలికి, వాన పడితే నీళ్ళు జారిపోయేలా వాలు పెట్టినది. ఇసుక అలా కాదు, పల్లం. ఆ సంగతి వాళ్ళకు తెలియక కాదు. తెలిసే మోశారు. పైగా మేం పని చేసే చోట దుమ్ము లేవకుండా నేల అలికి పెట్టారు. గోనెలు తడపడానికి బావి నీళ్ళు తెచ్చి పోశారు.

పని ఊపందుకుంది. బానెట్టు, మడ్‌గార్డులు, తలుపులు ఒక్కొక్కటే కూర్చున్నాయి. రేకు పని అలవాటు కొద్దీ ఒక బోల్టును ఇనుముకు బిగించినట్టే బిగించాను. పలక మూల టప్పున పగిలింది. ఫైబరుకు పట్టు ఉండాలి, బిగువు ఉండకూడదు. బెజ్జం కాస్త వదులుగా పెట్టి, పాత ట్యూబులోంచి రబ్బరు బిళ్ళలు కోసి బోల్టుల కింద వేశాను. ఊరి తాత ఒకాయన వచ్చి బానెట్టును వేలితో కొట్టి చూశాడు.

"ఏరా, దీనికి తుపాకి గుండు తగిల్తేనో?"

"గుండు తగిల్తే రేకైనా ఒకటే తాతా."

"మరి మిరపకాయకే తట్టుకోలా గదరా," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

జగ్గయ్యపేట దాకా పరుగులు మొదలుపెట్టాం. సున్నపురాయి దుమ్ముకు బండీ మేమూ తెల్లబడి తిరిగొచ్చేవాళ్ళం. కంకర లేచి మడ్‌గార్డుకు తగిలేది. పలకలు నిలిచాయి. దిగి చూసుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఊరివాళ్ళు రోజూ అడిగేవాళ్ళు, ఎప్పుడిస్తారని. పరీక్షలవగానే అని చెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం మునేటి అవతలి నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. ముందు గాలి, వెనకాలే వాన. అప్పుడు రెండు తలుపులు విప్పి, పూత వేసి ఆరబెట్టి ఉన్నాయి. మా దగ్గరున్నవి రెండే టార్పాలిన్లు.

"సార్, ఒకటి ఇసుకలో కాయ మీద వేద్దాం. తలుపులు గుడారంలో పెడతాను," అన్నాను.

"టార్పాలిన్లు పలకల మీద. అది ఆర్డరు."

కప్పాను. కప్పుతూనే మునేటి వైపు చూశాను. అత్త, ఊరి ఆడవాళ్ళు చీరలూ దుప్పట్లూ పరుస్తున్నారు. గాలి వాటిని లాక్కుపోతోంది. వాన వెలిశాక వెళ్ళాను. ఇసుక గుంటల్లో కాయ తేలుతోంది. తర్వాత ఎండబెట్టారు గానీ రంగు పోయి, మచ్చలు పడి తాలుకాయగా మిగిలింది. అలాంటిదాన్ని వ్యాపారి చేత్తో కూడా ముట్టడు.

అత్త నన్ను చూసి కొంగు పిండుకుంటూ అంది. "పోన్లేరా. పైర్లు మళ్ళీ ఏసుకుంటాం. బండి తడవలేదు గదా?"

తడవలేదని చెప్పాను.

అటు తర్వాత ఒక పొద్దున హఠాత్తుగా గుడారాలు పీకమన్నారు. సామాను లారీకి, మేం పికప్‌లోకి అని ఆర్డరు. నేను ఇంకా మేకులు పీకుతుంటే ఆపరేటరు పక్కన కూర్చుని ఏరియల్ తీగ చుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండా తన వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"తమ్ముడూ, బండి ఇక్కడ ఉండదు. డిపోకి పోతుంది. అక్కడ పలకలు కోసి చూస్తారు."

"ఎప్పుడొచ్చింది ఆర్డరు?"

"మొదటి రోజే. నేనే తీసుకుని ఆయనకి చెప్పాను. ఆయన సరే అన్నాడు. నీకు తెలుసు అనుకున్నాను."

ఒళ్ళు మండిపోయింది. మేకు అక్కడే పారేసి కెప్టెన్ దగ్గరికి వెళ్ళాను. సెల్యూట్ కొట్టడం కూడా మరిచాను.

"మాటిచ్చారు సార్."

"పని అయిందా లేదా?"

"నా వాళ్ళకి నా నోటితో చెప్పించారు సార్."

అప్పుడూ నవ్వుమొహమే. "రేకు పనివాళ్ళు డిపోలో బోలెడుమంది ఉన్నారు. నిన్నెందుకు తెచ్చుకున్నాననుకున్నావు? ఇక్కడి మనిషివి, నీ మాట వింటారు. విన్నారు. మంచి పని చేశావు. ఎక్కు."

"ఊళ్ళోకెళ్ళి చెప్పి వస్తాను సార్."

"ఎక్కు."

ఎక్కాను. యూనిఫాంలో ఉన్నవాడు ఎక్కు అంటే ఎక్కుతాడు. ఈ ఒక్క ముక్క ఇళ్ళ దగ్గరుండే వాళ్ళకు ఎలా చెప్పినా ఎక్కదు. నేను మోసం చెయ్యలేదు, నన్ను మోసం చేశారు. కానీ ఊరివాళ్ళకు ఆ కెప్టెన్ ఎవడు? వాళ్ళకు తెలిసిన మొహం నాది.

ముందు డ్రైవరు, కెప్టెన్, ఆపరేటరు. వెనక తొట్టిలో మా సొంత పెట్టెల మధ్య నేను. బండి కల్లాలు దాటి బాట మలుపు తిరిగేసరికి ఊళ్ళోంచి ఎదురుగా మంచం మోసుకుంటూ నలుగురు మగవాళ్ళు వస్తున్నారు. మంచం మీద రూతమ్మ. నొప్పులు మొదలయ్యాయట. గుడారాలు పీకుతున్నారని విని, పరీక్షలు అయిపోయినట్టే కదా అని, బండి దగ్గరికే తీసుకొస్తున్నారు. ముందు అత్త, పక్కన మేష్టారు. మమ్మల్ని చూడగానే అత్త మొహం వెలిగింది. బండే తమకోసం ఎదురొస్తోందనుకుంది.

నేను డ్రైవరు వెనక పలకను అరచేత్తో బాదాను. సర్దార్జీ బ్రేకు తొక్కాడు.

"ఆపకు. చలో," అన్నాడు కెప్టెన్.

"సాబ్, ఆడమనిషి..."

"చలో."

బండి కదిలింది. "అత్తా, బండి ఆగదు! ఎడ్లు కట్టండి! ఎడ్లు కట్టండి!" అని గొంతు చించుకున్నాను. ఇంజను రొదలో, దుమ్ములో అది వాళ్ళకు అందలేదు. మేష్టారు మోసేవాళ్ళతో అంటున్న మాట మాత్రం దాటిపోతూ నాకు వినపడింది.

"బాట సన్నం గదరా. రోడ్డెక్కి తిప్పుకొస్తాడు. మీరు పక్కకి జరగండి."

ఉద్యోగం వదిలేసి మళ్ళీ ఆ బాట తొక్కడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. నందిగామలో బస్సు దిగి పెట్టె భుజాన వేసుకుని నడిచాను. అత్త కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇంట్లో రూతమ్మ లేదు. సాయంత్రం మేష్టారే చెప్పారు. పొద్దు వాలేదాకా చూశారట. రోడ్డు మీద ఏ ఇంజను చప్పుడైనా, అదిగో వస్తున్నాడని లేచి నిలబడ్డారట. ఇంక రాడని ఎడ్లు కట్టేసరికి ఆలస్యమైపోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ నందిగామ చేరలేదు.

"నేనే ఆగమన్నానబ్బాయ్," అన్నారు మేష్టారు. "నువ్వున్నావు గదా అని."

ఆ కెప్టెన్‌ను నేను ఈనాటికీ క్షమించలేదు. ఆయన మొహం మాత్రం చెరిగిపోతోంది. చెరగనిది ఒక్కటే. తొట్టిలోంచి దుమ్ములో చూశాను. మంచాన్ని బాట మీద దించకుండా, పక్కనున్న దుక్కిలోకి దిగి, గడ్డల మీద సరిగా ఆనదని నలుగురూ భుజాల మీదే పెట్టుకుని నిలబడ్డారు. అత్త కొంగు చాపి రూతమ్మ మొహానికి నీడ పట్టింది. అందరూ మా వైపే చూస్తున్నారు. బండి తిరిగి రావడానికి అడ్డం కాకూడదని బాట మొత్తం ఖాళీగా వదిలేశారు.