పదకొండు చుట్ల సందు

చుట్ట వేరు, చుట్టు వేరు. ఈ రెండింటి తేడా చెవికెక్కక, బాగా చదువుకున్నవాళ్లు మూడేళ్లపాటు ఆదివారాలన్నీ ధారపోసి ఒక సందు చరిత్రను తలకిందులుగా రాశారు. దాన్ని తిప్పి కాళ్ల మీద నిలబెట్టిన మనిషికి వచ్చిన రాతల్లా ఒక్క సంతకం. అదీ ఆమెది కాదు, మొగుడిది.

ఆమెను అందరూ నీళ్లక్క అంటారు. అరవై ఎనిమిదేళ్లు. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కొడుకు లారీ నడుపుతాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కాబట్టి ఆ ఇంట్లో సంసారమంతా అత్తాకోడళ్లదే. వెనక తలుపు గడియ ఊడిపోయి ఏళ్లయింది. దానికి అడ్డంగా భుజమెత్తు ఇనప కడ్డీ ఒకటి ఆనించి ఉంటుంది. పైన అడ్డంగా పిడి, కింద చదరపు గూడు. ఇదేమిటత్తయ్యా అని కోడలు కాపరానికి వచ్చిన కొత్తలో అడిగితే, మీ మామయ్య వాల్వు తాళమని చెప్పి నీళ్లక్క ఊరుకుంది. కోడలు కూడా ఊరుకుంది. తలుపు పడుతోంది కదా, అది చాలు.

కోడలు ఒక ఆఫీసులో టైపు చేస్తుంది. ఆదివారం వస్తే గ్రంథాలయం పైన ఉన్న చరిత్ర సంఘం గదికి వెళ్లి, ముసలివాళ్లు మాట్లాడిన టేపులు విని, ఆ మాటలు కాగితం మీద పెడుతుంది. ముప్ఫై రెండేళ్ల కిందట మార్కెట్ కాంప్లెక్సు కట్టడానికి ఒక పేటను మొత్తం ఖాళీ చేయించారు. ఆ పేటలో ఎవరుండేవారు, ఏ సందు ఎక్కడుండేది అన్నదే సంఘం వెతుకులాట. అత్తగారు ఆ పేటలోనే కాపరం చేసిందని కోడలికి తెలుసు. ఎన్నిసార్లు అడిగినా నీళ్లక్క, ఉన్నాం, వచ్చేశాం అని మాట తుంచేసేది.

ఆ రోజు సాయంత్రం కోడలు వంటింటి గడప మీద కూర్చుని, అచ్చుకు వెళ్లబోయే పుస్తకంలో ఒక అధ్యాయం తప్పులు చూసుకుంటూ పైకి చదువుతోంది. నీళ్లక్క ఉల్లిపాయలు తరుగుతోంది. అధ్యాయం పేరు "పదకొండు చుట్టల సందు". ఆ సందులో పదకొండు చుట్టల కార్ఖానాలుండేవట. పొగాకు వాసన పేటంతా కమ్మేదట. సందు చివరి పొగాకు గోదామే అందుకు సాక్ష్యమట.

"మళ్లీ చదువు," అంది నీళ్లక్క.

కోడలు మళ్లీ చదివింది. నీళ్లక్క కత్తిపీట పక్కకు నెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. ఉల్లిపాయల నీళ్లేవో, నవ్వు నీళ్లేవో తెలియకుండా కళ్లు తుడుచుకుంది. ఈ పేరు ఎవరు చెప్పారని అడిగితే, ఆ సందులో ఉండే టైలరుగారి భార్య టేపులో చెప్పిందని, తానే విని రాశానని కోడలు చెప్పింది. టైలరుగారి భార్య పోయి ఏడాది దాటింది.

"ఆవిడ చుట్టలని ఉండదే. చుట్లని ఉంటుంది. వాల్వు పదకొండు చుట్లు తిప్పితే గానీ నీళ్లు సందు పై కొసకి ఎక్కేవి కావు. అందుకని ఆ పేరు."

"తిప్పేది మామయ్యగారేగా?"

నీళ్లక్క నవ్వు ఆగిపోయింది. వెనక తలుపు వైపు చూసింది. ఆయన పోయి పదేళ్లు. ఇక ఎవరి ఉద్యోగమూ ఊడేది లేదు.

"కాదు. నేను," అంది.

ఆ రాత్రి ఆమె నోట ఆ సంగతంతా మొదటిసారి బయటికి వచ్చింది. మొగుడికి నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పే పని. చేరిన రెండో ఏడే వాల్వు గోతిలో పడి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అతుక్కుంది గానీ సరిగ్గా అతుక్కోలేదు. తల దువ్వుకోవడానికి కూడా పైకి లేచేది కాదు, కలం పట్టుకుంటే వణికేది. ఆఫీసుకు తెలిస్తే మర్నాడే ఇంటికి పంపేస్తారు. అప్పుడు ఇరవై నాలుగేళ్ల నీళ్లక్క తాళం భుజాన వేసుకుంది. తెల్లవారుజామున ఆమె వాల్వు తిప్పడం, ఆయన పక్కన నిలబడి ఉద్యోగస్తుడిలా దగ్గడం. రిజిస్టరులో ఆయన సంతకం కూడా ఆమే పెట్టేది. నెల రోజులు నేల మీద సుద్దముక్కతో దిద్ది నేర్చుకుంది. బడి మొహం చూడని మనిషికి వచ్చిన రాత అదొక్కటే.

వాల్వు ఎంత తెరుచుకుందో పైకి కనబడదు, చుట్లు లెక్కపెట్టుకోవాల్సిందే. ఆమె గట్టిగా లెక్కపెట్టేది. పదో చుట్టుకి కింది ఇళ్లకు నీళ్లు పడేవి, పై కొస పంపులు బుస్సుమని గాలి ఊదేవి. పదకొండో చుట్టుకి అక్కడా ధార కట్టేది. ఎవరైనా సగం పని చేసి చేతులు దులుపుకుంటే, "పదకొండో చుట్టు ఎవరు తిప్పుతారు?" అనడం సందులో మామూలు మాటైపోయింది. నీళ్లక్కకు నెలలు నిండినప్పుడు మొగుడు ఎడంచేత్తో తిప్పబోయి లెక్క తప్పాడు. పై కొసకు నాలుగు రోజులు చుక్క లేదు. అసలు తిప్పేదెవరో అప్పటికి అందరికీ పూర్తిగా అర్థమైంది. ఆ సందు జనం నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాళ్లు కూడా ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగినప్పుడల్లా, ఆయనేనండీ, ఆయన చెయ్యి పడితేనే నీళ్లు అని ఒకే పాట పాడారు. పన్నెండేళ్లు అలా కడుపులో దాచుకున్నారు. మరీ బాగా దాచినట్టున్నారు, చివరికి చరిత్రకు కూడా దొరకలేదు.

వచ్చే ఆదివారం ఆ సందు గుర్తుగా పేరు చెక్కిన ఇత్తడి పలక బిగిస్తారని, మర్నాడు పుస్తకం అచ్చుకు వెళుతుందని కోడలు చెప్పింది. నీళ్లక్కకు నిద్ర పట్టలేదు. ఇంతకాలం ఎవరికీ తెలియకపోయినా ఆమెకు బాధ లేదు. కానీ తాను తిప్పిన చుట్లన్నీ ఇత్తడి మీద పొగైపోతాయంటే గుండె రగిలింది. పొద్దున్నే తలుపు దగ్గర కడ్డీ తీసి పక్కన పెట్టి, పద, మీ మాస్టారి దగ్గరకి అంది.

మాస్టారు రిటైరైన చరిత్ర టీచరు, సంఘానికి కార్యదర్శి. మంచివాడే గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. జన్మలో చుట్ట ముట్టని మనిషి చుట్టల మీద ఇరవై ఆరు పేజీలు రాశాడు. ఎవరి అటక మీదో దొరికిన చుట్టల పెట్టెను తుడిచి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. నీళ్లక్క చెప్పిందంతా ఓపిగ్గా విని, నొప్పించకుండా తల అడ్డంగా ఊపాడు. వాడుకలో పేర్లు రకరకాలుగా మారతాయని, ఆధారం లేనిదే ఏదీ రాయలేమని చెప్పాడు. నీళ్ల ఆఫీసు నుంచి తెచ్చుకున్న పాత రిజిస్టరు తీసి, పేజీ పేజీకీ ఉన్న సంతకాలు చూపించాడు.

"చూడండమ్మా. రోజూ మీవారే వచ్చినట్టు, మీవారే తిప్పినట్టు ఉంది. కాగితం అబద్ధం చెప్పదు కదా?"

నీళ్లక్క ఆయన జేబులోంచి కలం లాక్కున్నంత పని చేసింది. బల్ల మీదున్న తెల్లకాగితం మీద, చివర తోక కింద రెండు చుక్కలతో సహా, ఆ సంతకం పెట్టింది. ఒకసారి కాదు, వరుసగా ఐదుసార్లు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. సంతకం మాట నమ్మాడు గానీ ఇరవై ఆరు పేజీలు అంత తేలిగ్గా చావవు. సందు గోదాము పక్కన లేదని, పోస్టాఫీసు వైపు ఉండేదని నీళ్లక్క అంటోంది. అదే నిజమైతే పటం కూడా తప్పే. వాల్వు చూపించగలరా అని అడిగాడు. పోస్టాఫీసు మూల రాతి స్తంభం నుంచి పదిహేడు తాళాల దూరం అంది నీళ్లక్క. తాళం నేల మీద పడుకోబెట్టి కొలిచే లెక్క అది, మొగుడు నేర్పింది.

ఇప్పుడక్కడ కాంప్లెక్సు వాళ్లు బండ్లు నిలిపే జాగా. మేనేజరు ఆదివారం పొద్దున రెండు గంటలు ఒప్పుకున్నాడు. నాలుగు బండలు తీసుకోండి, దొరికితే సరే, లేకపోతే ఐదో బండ మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు. సంగతి ఆ నోటా ఈ నోటా పడి, చెల్లాచెదురైన సందు జనం ముప్ఫై మంది దాకా వచ్చారు. కొందరు కర్రల మీద, ఒకాయన మనవరాలి స్కూటరు మీద వచ్చారు. నీళ్లక్కను చూసి ముసలివాళ్లు కూడా అక్కా అనే పిలిచారు.

కోడలు, మాస్టారు కలిసి ఇంటి నుంచి తెచ్చిన తాళాన్ని పడుకోబెట్టి కొలిచారు. పదిహేడో కొలత ముగిసిన చోట బండ తీస్తే ఇసుక. రెండోదాని కింద ఇసుక. మూడోదాని కింద విరిగిన ఇటుకలు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. నీళ్లక్క వెనక్కి నడిచి స్తంభం దగ్గర కూర్చుని దాన్ని చేత్తో తడిమింది. అడుగున కొత్త సిమెంటు దిమ్మె కట్టి ఉంది. స్తంభం ఉన్నచోటే ఉంది గానీ, వాళ్లు కొలత మొదలుపెట్టింది దిమ్మె అంచు నుంచి.

"ఈ దిమ్మె మా కాలంలో లేదు. జానెడు ఇటు జరపండి," అంది.

నాలుగో బండ లేచింది. కింద మట్టి, మట్టి కింద ఇనప మూత. మూత తీస్తే గోతిలో, నల్లటి లారీ టార్పాలిను ముక్కలో తాడుతో కట్టిన మూట. సందు ఖాళీ అయిన రోజు ఆఖరిసారి వాల్వు కట్టేసి, గ్రీజు దట్టంగా పట్టించి, నీళ్లక్క కట్టిన ముడులే అవి. రేపెవరైనా తిప్పాల్సి వస్తే పట్టేసి ఉండకూడదనుకుంది. ఇళ్లు కూల్చేసే చోట ఎవరొచ్చి తిప్పుతారని మొగుడు ఆ రోజు విసుక్కున్నాడు కూడా.

ఆమె మూట విప్పి, తాళం గూడు వాల్వు తల మీద దించింది. చక్కగా కూర్చుంది. నడుం వంచి తిప్పింది. ఒకటి అని ఆమె అంటే, ముప్ఫై గొంతులు అందుకున్నాయి. రెండు. మూడు. కర్రల మీదున్నవాళ్లు కూడా కర్రలతో బండల మీద కొడుతూ లెక్కపెట్టారు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో చుట్టు దగ్గర వాల్వు బిగుసుకుపోయింది. ఎంత తోసినా కదలదు. ఆమె నుదుటి మీద నరం ఉబ్బింది.

మాస్టారు దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "చాలమ్మా. వాల్వు దొరికింది, చోటు తేలింది. పదకొండు అని నేనే రాసుకుంటాను."

"తొమ్మిదో చుట్టుకి పై కొసకి నీళ్లెక్కాయా ఎప్పుడైనా?" అంది నీళ్లక్క ఆయన వైపు చూడకుండా.

జనంలో నవ్వు లేచింది. ఆమె తాళాన్ని ముందుకు తొయ్యడం మానేసి, అర చుట్టు వెనక్కి తిప్పింది. మళ్లీ కొంచెం ముందుకు, మళ్లీ వెనక్కి. పట్టిన తుప్పును వాల్వు చేతనే నమిలించి ఉమ్మించడం అన్నమాట. నాలుగైదు సార్లకు లోపల ఏదో కరకరలాడి వదులైంది. తొమ్మిది. పది. అక్కడ ఆమె ఆగి ఊపిరి పీల్చుకుంటే, గుంపు వెనక నుంచి ఒక ముసలి గొంతు, ఒకప్పటి పై కొస గొంతు, "అక్కా, మాకింకా రాలేదు" అని కేకేసింది. నీళ్లక్క నవ్వుతూనే పదకొండో చుట్టు తిప్పింది. టక్కుమని ఆగింది. ఆ తర్వాత మాస్టారు, సంఘంలోని ఇద్దరు కుర్ర వలంటీర్లు కలిసి వేలాడినా వెంట్రుకవాసి కదల్లేదు. పదకొండంటే పదకొండే.

పైపు ఎప్పుడో కోసేశారు కాబట్టి నీళ్లేమీ రాలేదు. తడి అంతా మనుషుల కళ్లలోనే. కోడలు అత్తగారి చేతుల గ్రీజు తన చున్నీతో తుడుస్తూ, తప్పు విన్నది నేనే అత్తయ్యా అని ఏడిచింది. నువ్వు తప్పు వినకపోతే నేను నోరు విప్పేదాన్నా పిచ్చిదానా అని నీళ్లక్క ఆమె వీపు తట్టింది. మాస్టారు సంచిలోంచి ఇత్తడి పలక తీసి ఒకసారి చూసుకుని, అక్షరాలు లోపలికి ఉండేలా తిప్పి మళ్లీ సంచిలో పెట్టేశాడు. ఇరవై ఆరు పేజీలూ పోయాయి గానీ ఆయన ముఖంలో ఏడుపు లేదు. చుట్టల పెట్టె తీసేసి బీరువాలో ఈ తాళం పెట్టుకుంటామని అడిగాడు. ముందు మా వెనక తలుపుకి గడియ వేయించండి, అప్పుడు చూద్దామంది నీళ్లక్క.

తర్వాత ఆయన సంఘం పుస్తకం తెరిచి, అక్కడే నిలబడి, గట్టిగా పలుకుతూ రాశాడు. పదకొండు చుట్ల సందు, పోస్టాఫీసు పక్కన. వాల్వు తిప్పినవారు, నీళ్లక్క, పన్నెండు సంవత్సరాలు. పుస్తకం ఆమె ముందుంచి కలం ఇచ్చాడు. "కింద సంతకం పెట్టండమ్మా. ఈసారి మీది."

కలం తీసుకుని ఆమె ఆగిపోయింది. చెయ్యి అలవాటుగా మొగుడి సంతకం మొదటి గీత మీదికి పోబోయింది. వెనక్కి లాక్కుంది. తనకంటూ సంతకం లేదు. జనమంతా చూస్తున్నారు. కాసేపాలోచించి, వరుస మొదట్లో ఒక సున్న చుట్టింది. దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. ఏం చేస్తోందో అర్థమై అందరూ నిశ్శబ్దంగా పెదవులతో లెక్కపెట్టారు. పదో సున్న అయ్యాక ఆమె చెయ్యి దించి వేళ్లు విదిలించుకుంది.

మాస్టారు పుస్తకం ఆమె దగ్గరికి ఇంకొంచెం జరిపాడు.

"ఇంకొకటుందక్కా," అన్నాడు.