అక్క పోసిన నూనె

మా అక్కకు శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాన్ని ఒక్కసారైనా చూడాలని మహా పట్టుదల. శని పేరెత్తితేనే జనం హడలిపోతారు కదా, ఈవిడకేమో "గంత చెడ్డోడైతే సుట్టూ గంత మంచి కడెం ఎందుకు ఏసుకుంటడే?" అని అనుమానం. షుగరు వల్ల ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదీ ఎంతకాలం ఉంటుందో చెప్పలేనని డాక్టరు తేల్చేశాడు. అందుకే నేను తొందరపడి టెలిస్కోపు చేయడానికి పూనుకున్నాను.

సూరత్‌లో మాది సాంచాలను, అంటే మరమగ్గాలను నమ్ముకున్న ఇల్లు. బావ ఊరవతల జోల్వాలో వాటినే నడుపుతాడు, అక్క ఇంట్లోనే మిషను మీద బాబిన్లకు దారం చుట్టేది. చదువుకుని రైల్వే ఆఫీసులో కుర్చీ ఎక్కింది నేనొక్కదాన్నే. అద్దాలు తెప్పించుకున్నాను. గొట్టాన్నీ, దాన్ని మోసే ప్లైవుడ్ పెట్టెనూ సొంతంగా చేసుకున్నాను. గొట్టంతో పేచీ లేదు. పెట్టెతోనే నా ప్రాణం విసిగిపోయింది.

మెల్లగా తోస్తే కదలదు. కాస్త గట్టిగా తోశామా, గభాలున గెంతి గ్రహాన్ని దాటేసి పోతుంది, మొండిఘటం! భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి గ్రహం అద్దంలో నిలవదు. దాని వెంటే గొట్టాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఉండాలి. అక్క కంటికి ఏదైనా ఆనాలంటే చాలాసేపు పడుతుంది. ఆమె "ఏదే, ఏదే" అనేలోపే శని జారుకునేవాడు.

పెట్టె అడుగున సన్‌మైకా అంటించి, దాని కింద టెఫ్లాన్ ముక్కలు పెట్టాను. రాపిడి తగ్గాలంటే ఆ ముక్కలను నడిమి బోల్టు దగ్గరికి జరపాలి, సన్‌మైకాను పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి ఉంచాలి. ఈ కాస్త తెలుసుకోవడానికి ఎన్ని ఆదివారాలు తగలేశానో! చివరికి ఒకరోజు పొద్దున, ఆఫీసుకు బయలుదేరే ముందు, చిటికెన వేలితో తోస్తే మెత్తగా కదిలింది. వేలు తీస్తే ఆగింది. "అక్కా, ఇయ్యాల నీ శనిని పట్టిస్త సూడు" అని చెప్పి పరుగెత్తాను.

సాయంత్రం ఇద్దరం మేడెక్కాం. గొట్టం మీద చెయ్యి ఆనించానో లేదో సర్రున జారిపోయింది. గాలి తగిలినా తిరుగుతోంది. అడుగున చూస్తే ఒకటే జిడ్డు.

"అక్కా, దీన్నేం జేసినవే?"

"నూనె పోసిన. పొద్దుగాల బాబిన్ల మిషనుకు పోసుకుంట, పాపం దీనికెవ్వలు పోస్తరని జర దీనికి గూడ పోసిన. నూనె లేకుంట ఏ మిషను తిరుగుతదే?"

నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. మా ఇళ్లలో తలుపు కిర్రుమన్నా, ఫ్యాను మూలిగినా చెయ్యి ముందు నూనె డబ్బా మీదికే పోతుంది. దీనికి నూనె పడదని చెప్పాలని నాకు మాత్రం ఎందుకు తడుతుంది? తుడిచేకొద్దీ జిడ్డు మరింత పరుచుకుంది. వీధి నిండా సాంచాలే కదా, గాలిలో ఎగిరే దారపు నూగంతా వచ్చి దానికి అతుక్కుని ముద్ద కట్టింది. నూనె ప్లైవుడ్‌లోకి దిగి సన్‌మైకా అంచులు లేచాయి. "పోనీలే అక్కా, ఆదివారం కొత్తది అంటిస్త" అన్నాను.

ఆ ఆదివారం రాకముందే అక్క కంట్లో రక్తం కారింది. సూదులు వేశారు, ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఆమెకు వెలుతురుకూ చీకటికీ తేడా తప్ప ఏమీ తెలియదు.

పెట్టె మళ్లీ చేశాను. అది ఇప్పుడు ఎంత బాగా తిరుగుతుందో చూస్తే నాకే ఏడుపొస్తుంది. ఎవరికోసం బాగుపడినట్టు? మొన్న అక్క నా భుజం పట్టుకుని మేడ మీదికి వచ్చింది. గొట్టాన్ని తడిమి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిజం జెప్పు చెల్లె. ఆ దినం నేను నూనె పొయ్యకుంటే కనిపిస్తుండెనా?"

"ఎక్కడ కనిపిస్తుండె? ఆ దినం మబ్బు పట్టింది గదా" అన్నాను వెంటనే.

అక్క గొట్టాన్ని ఆపి నా వైపు తిరిగింది.

"మబ్బెక్కడిదే? నువ్వు కింద కూసోని తుడుసుకుంట ఉన్నవు. నేనే మొకం పైకెత్తి సూసిన. చుక్కలన్నీ ఉండె" అంది. "మల్ల సూసుడు కాలే."