దుంగకు చెవి ఆనించే మనిషి

మా తోడల్లుడు వడ్రంగి. ఏ దుంగ చేతికొచ్చినా వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఆ వాలకం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మారండహళ్ళి దగ్గర ఒక తోటలో దుంగల ఇల్లు కట్టాం. మేస్త్రీని కాబట్టి పునాది నాది, గోడలు అతనివి. మూలల్లో గాడి తీసి, ఒక్క మేకూ లేకుండా దుంగ మీద దుంగ కూర్చోబెట్టాడు. చూడవచ్చిన మామగారు నా పునాది మీద నిలబడి అతని గోడను నిమిరాడు.

ఆ కడుపుమంటతో, అతను భోజనానికి వెళ్ళిన సమయంలో దుంగల సందుల్లో సిమెంటు పూసేశాను. తిరిగొచ్చి చూసి కోప్పడనైనా లేదు.

"తమ్ముడూ, కొయ్య ఎండేకొద్దీ కుంగుతాది. సిమెంటు దాంతో కుంగదు, పగులుతాది," అంటూ అదంతా గీకేసి కొబ్బరిపీచు కూరాడు.

అతను పోయి రెండేళ్ళయింది. మొన్న మా ఇంటి గోడకు పూత పూశాను. ఎక్కడైనా బోలుగా ఉందేమోనని వేలితో కొట్టి, చెవి ఆనించాను. వెనక నుంచి నా భార్య మురిసిపోయింది.

"అచ్చం మా బావ మాదిరే వింటా ఉండావే!"

నా ఇల్లు, నా గోడ, నా చెవి. పేరు మాత్రం అతనిదే.