మబ్బును నమ్మని జట్టు

కంప్యూటర్‌ను వరసగా పద్దెనిమిది మ్యాచుల్లో ఓడించిన మనిషికి గర్వం రాకపోతే వాడికి ఏదో జబ్బు ఉన్నట్టే. నాకు ఏ జబ్బూ లేదు.

రెండు వేలు దాటి ఐదారేళ్ళయిన రోజులవి. ఎనిమిదో తరగతి దగ్గర నేనూ బడీ ఒకరినొకరు వదిలేసుకున్నాక, అనంతపురం జిల్లా గోరంట్లలో కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే షాపులో పనికి కుదిరాను. అప్పటికి పదేళ్ళుగా అదే పని. నీళ్ళు అడుగంటిన బోర్లలో మోటార్లు ఊరికే తిరిగి తిరిగి కాలేవి. వాన రాకపోతే ఊరంతా ఆకాశం వైపు చూసేది, మేము మాత్రం తల వంచుకుని తీగ చుట్టేవాళ్ళం.

మా పక్క గదిలో నాలుగు కంప్యూటర్లతో ఒకాయన ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద కాబట్టి అన్నా అనేవాణ్ణి. తీగ చుట్టి వార్నిష్ పూశాక అది ఆరేదాకా నాకు పని ఉండదు. ఆ ఖాళీలో అన్న నాకు ఒక క్రికెట్ ఆట అలవాటు చేశాడు. అందులో మనం బ్యాటు పట్టం, బంతి వేయం. ఎవరు ముందు దిగాలి, ఎవరు ఎప్పుడు బౌలింగ్ వేయాలి అని రాసిపెడితే చాలు. మిగతాది కంప్యూటరే ఆడి, బంతి బంతికీ ఏం జరిగిందో ఒక్కో వరుస రాసి చూపిస్తుంది. పొట్టి ఇంగ్లీషు ముక్కలు నేనే కూడబలుక్కునేవాణ్ణి, పొడుగువి అన్న చదివిపెట్టేవాడు.

ఆటగాళ్ళ పేర్లు మార్చుకోవచ్చని తెలిసిన రోజున మా వీధంతా జట్టులోకి వచ్చేసింది. మా షాపు మేస్త్రీ వికెట్ కీపర్. నిజానికి ఆయన చేతిలో స్పానరు కూడా నిలవదు. ఎదురుగా టీ అంగడి పెట్టుకున్న పెద్దాయన ఫాస్ట్ బౌలర్. ఆయనకు అరవై దాటాయి, ఒక మోకాలు వంగదు. ఆటలో మాత్రం ఇరవై రెండేళ్ళు. ఆ సంగతి ఆయనకు చెప్పాను. మరుసటి రోజు నుంచి టీ ఇచ్చే నెపంతో వచ్చి, ఎన్ని వికెట్లు తీసినానప్పా అని అడిగి పోయేవాడు. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ నేనే. మన జట్టు, మన ఇష్టం.

పద్దెనిమిదో గెలుపు తర్వాత లీగ్ మాట వచ్చింది. లీగ్‌లో ఎదుటి జట్టు వెనక కంప్యూటర్ ఉండదు, మనలాంటి మనిషి ఎక్కడో కూర్చుని ఉంటాడు. అవి రెండు రకాలు. కొత్తవాళ్ళ లీగ్‌లో ఓడినా ఏమీ కాదు. పెద్ద లీగ్‌లో పది జట్లు, ఆదివారానికి ఒక మ్యాచి, తొమ్మిది వారాలు. ఆఖరి రెండు స్థానాల్లో మిగిలిన జట్లను రద్దు చేసి, వాటి ఆటగాళ్ళను వేలానికి పెడతారు. కావలసినవాళ్ళు పాడుకుంటారు.

"కొత్తోళ్ళ దాంట్లో ఒక సీజన్ ఆడప్పా," అన్నాడు అన్న. "పెద్దదాన్ని ఊరికే చూస్తా ఉండు, ఎవురు ఏం చేస్తాండారో."

"ఎనిమిది దాకా చదివినోన్ని మళ్ళా ఒకటో తరగతిలో కూర్చోమంటావా అన్నా?"

"ఒకటో తరగతిలో ఎవురూ నీ పలక గుంజుకోరు. పెద్దదాంట్లో ఓడితే జట్టే పోతాది."

ఆయన చెప్పింది నాకు బాగా అర్థమైంది. అర్థమయ్యాకే పెద్ద లీగ్‌లో చేరాను.

మొదటి ఆదివారం ఓడిపోయాం. రెండో ఆదివారం ఇంకా బాగా ఓడిపోయాం. మూడు, నాలుగు కూడా అంతే. కంప్యూటర్ మీద తిరుగులేని నా ముగ్గురు స్పిన్నర్లను ఎదుటివాళ్ళు ఉతికి ఆరేశారు. తన కీపింగ్‌లో లోపం లేదని, లోపమంతా కెప్టెన్ నెత్తిలో ఉందని మేస్త్రీ షాపుకొచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు. అది పర్వాలేదు. టీ అంగడి పెద్దాయన మాత్రం గ్లాసు పెట్టి, వికెట్ల మాట అడక్కుండా పోయేవాడు. అడిగి తిట్టినా బాగుండేది. మేస్త్రీ పోతే ఇంకో కీపర్ దొరుకుతాడు. ఆ ఇరవై రెండేళ్ళ మనిషిని వేలంలో పోగొడితే ఆయనకు ఏ ముఖంతో చెప్పాలి అన్నదే నన్ను తినేసింది.

నాలుగో మ్యాచిలో మమ్మల్ని ఓడించినాయన గోదావరి పక్కన ఎక్కడో లెక్కల మాస్టారట. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపాడు. "మబ్బుగా ఉంటే ముగ్గురు స్పిన్నర్లని దింపారేంటండీ, కెప్టెన్ గారూ?"

నన్ను గారు అన్న మొదటి మనిషి ఆయనే. చిత్తుగా ఓడించి మరీ అన్నాడు.

ఏ మబ్బు, యాడుండాది మబ్బు అని నేనూ అన్నా తెర మీద వెతికాం. పైన మూలన, పిచ్ వివరాల పక్కనే, వేరుశనగ కాయంత మబ్బు బొమ్మ ఉంది. పాత మ్యాచులు తీసి చూస్తే నాలుగింటిలో మూడింటికి మబ్బే. ఆ బొమ్మను నేను చూడలేదా అంటే చూశాను. అన్న చూశాడు, మేస్త్రీ చూశాడు. చూసి ఎవరి పని వాళ్ళు చేసుకున్నాం. మా మండలంలో మబ్బు పట్టడం వార్త కాదు. పొద్దున చిలమత్తూరు దిక్కున నల్లగా కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎవరో పిలిచినట్టు కర్ణాటక వైపు పోతుంది. షాపుకొచ్చే రైతులు దాన్ని తలెత్తి కూడా చూడరు. తడి ఎంత లోతు దిగిందో మట్టిలో వేలు పెట్టి చూశాకే విత్తనం మూట విప్పుతారు. అలాంటి చోట పెరిగినవాడికి మబ్బు బొమ్మ చూపించి ఆలోచించమంటే ఏం ఆలోచిస్తాడు?

మా దగ్గర మబ్బు ఉత్తదేనండీ అని రాసి పంపాను. తమ దగ్గర మబ్బు కనపడితే గొడుగు లేకుండా ఎవరూ గడప దాటరని ఆయన జవాబిచ్చాడు. మబ్బు ఉన్నప్పుడు బంతి గాలిలో వంపు తిరుగుతుందని, ఫాస్ట్ బౌలర్లకు అదే పండగని కూడా ఓపిగ్గా రాశాడు. కంప్యూటర్‌తో ఆడిన పద్దెనిమిది మ్యాచుల్లో ఎప్పుడూ ఎండే. కంప్యూటర్‌కు కూడా అనంతపురం ఆకాశమే ఇచ్చారేమో.

ఐదో ఆదివారం మబ్బు కింద కొత్త బంతి పెద్దాయన చేతికిచ్చాను. నాలుగు వికెట్లు తీశాడు. మేము గెలిచాం. సాయంత్రం టీ తెచ్చి, గ్లాసు పెట్టి, పోకుండా నిలబడ్డాడు. నాలుగు అని చెప్పాను. "నాలుగా," అంటూ పోయాడు. ఆ రోజు టీలో చక్కెర ఎక్కువైంది.

ఆరోది ఓడి, ఏడూ ఎనిమిదీ గెలిచాం. తొమ్మిదోది గెలిస్తే ఎనిమిదో స్థానంలో బతుకుతాం, ఓడితే జట్టు రద్దు. ఆ ఆదివారం తెర మీద మళ్ళీ మబ్బు. ఐదు వారాల ముందు దాన్ని బొత్తిగా నమ్మనివాణ్ణి, ఇప్పుడు మరీ ఎక్కువ నమ్మాను. ఇంకో ఫాస్ట్ బౌలర్‌ను ఇరికించడానికి ఒక బ్యాట్స్‌మన్ పోవాలి. ఎవరి పేరు కొట్టేసినా వీధిలో తగాదా కాబట్టి నన్ను నేనే తీసేశాను.

బౌలింగ్‌లో నా లెక్క తప్పలేదు. ఎదుటి జట్టు నూట ఇరవై ఒకటికే అయిపోయింది, పెద్దాయనకు ఐదు వికెట్లు. అంగడి వదిలేసి వచ్చి, నా వెనక స్టూలు మీద కూర్చుని ఆయనే చూశాడు. తర్వాత మా బ్యాటింగ్ మొదలైంది. వరుసలు ఒక్కొక్కటే వచ్చాయి, అన్న ఒక్కొక్కటే చదివాడు. నూట పదిహేను దగ్గర ఆఖరి వికెట్ పడింది.

"నువ్వు ఉండింటే ఆ ఏడు కొట్టేటోనివేమో," అన్నాడు మేస్త్రీ.

"నేను ఏడు బంతులు కూడా నిలిచేటోన్ని కాదు మేస్త్రీ."

పెద్దాయన లేచి, ఖాళీ గ్లాసులు ఏరుకుని పోయాడు. నేను ఆయన ముఖం చూడలేదు.

ఎప్పుడు లీగ్‌లో చేరొచ్చని తర్వాత చాలామంది కొత్తవాళ్ళు నన్ను అడిగారు. కంప్యూటర్‌ను ఎన్నిసార్లు ఓడించావని నేను ఎదురడగను. ఇంకో వంద ఆడినా నాకు మబ్బు సంగతి తెలిసేది కాదు కాబట్టి, మీటలు చేతికి అలవాటు కాగానే మనుషులతో ఆడాల్సిందే. అయితే మొదట పలక గుంజుకోని చోట. ఓడిన మ్యాచి ఎందుకు ఓడావో ఎవరూ చెప్పకుండా నీకే తెలుస్తుంటే, అప్పుడు పెద్దదానికి పో. అన్న నాకు ముందే చెప్పిన ముక్క ఇదే అనుకోండి. నాకు చెప్పినప్పుడు మాత్రం ఇంత బాగా వినపడలేదు.

వేలంలో నన్ను ఎవరూ అడగలేదు, మేస్త్రీనీ అడగలేదు. పెద్దాయనను గోదావరి మాస్టారు పాడుకున్నాడు. "మీ పెద్దాయన్ని మేము తీసుకున్నామండీ. బాగా చూసుకుంటాం," అని రాస్తే, అన్న దాన్ని టీ అంగడికి పోయి మరీ చెప్పాడు. అది ఏ ఊరు, ఎంత దూరం, వాళ్ళు తనకు కొత్త బంతి ఇస్తారా అని ఆయన వివరాలు అడిగాడట.

నేను కొత్తవాళ్ళ లీగ్‌లో ఇంకో జట్టు పెట్టుకుని, బౌలర్లలో మొదట ఆయన పేరే రాశాను. టీ తెచ్చినప్పుడు పిలిచి చూపించాను. ఆయన తెరకు దగ్గరగా వంగి, నిదానంగా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"తీసేయప్పా. నేను ఆ మాస్టారు దాంట్లో ఉండాను కదా. రెండు దిక్కులా ఆడితే ఏం బాగుంటాది?"

తీసేశాను. ఆ చోట ఇంకెవరినీ రాయబుద్ధి కాక, కంప్యూటర్ ఇచ్చిన పేరే ఉంచేశాను.