పన్నెండో పళ్లెం

“దాని పేరున పళ్లెం పెట్టమని నీకెవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు ఆంటీ. పన్నెండు గౌన్లు కట్టాం కదా అని పన్నెండు పళ్లాలు పెట్టాం. ఒకటి తగ్గితే ఏం బాగుంటుంది?”

“బాగుండటానికి ఇదేమన్నా పెళ్లి భోజనమా?”

కాలేజీ ఆవరణలో, చనిపోయినవాళ్ల పేరున పళ్లెంలో తిండి పెట్టి అర్పించే మంట పక్కన ఇద్దరూ ఒకే పళ్లేన్ని చెరో అంచూ పట్టుకుని నిలబడ్డారు. ఒకరు విద్యార్థి సంఘం పిల్ల జోలీన్. పట్నంలో పెరిగినా కెనడాలోని క్రీ అనే ఆదివాసీ తెగ పిల్ల. రెండో మనిషి ఆ కాలేజీ క్యాంటీన్లో పంతొమ్మిదేళ్లుగా వండుతున్న ఎల్వీరా. వెనక బర్చ్ చెట్లకి కట్టిన ఎర్ర గౌన్లు గాలికి కొట్టుకుంటున్నాయి. తప్పిపోయిన, హత్యకు గురైన ఆదివాసీ ఆడవాళ్ల గుర్తుగా ఏటా మే ఐదున కట్టేవే.

నిజానికి పళ్లాలు సర్దింది డార్విన్. రెండేళ్ల కిందట ఇదే కాలేజీ మానేసి బోర్డులు రాసుకుంటున్నాడు. ఇవాళ ఆ గౌన్లు ఎవరి పేరున కట్టారో ఆ పన్నెండు మంది బొమ్మలూ గీసి తెచ్చింది కూడా అతనే. ఇంత పనిచేస్తే చివరికి ఒక పళ్లెం దగ్గర రభసా అని అతనికి ఒళ్లు మండింది.

“పదకొండు మంది శవాలుగా అయినా దొరికారు,” అంది ఎల్వీరా. “ట్రీనా దొరకలేదు. దొరకనిదాన్ని మీరెలా చంపుతారు?”

ట్రీనా ఆవిడ చెల్లెలి కూతురు. నాలుగో ఏట నుంచీ ఆవిడే పెంచింది. పన్నెండేళ్ల కిందట, పంతొమ్మిదేళ్లప్పుడు, ఇదే కాలేజీ ముందు బస్సెక్కింది. అంతే. అప్పట్నుంచి ఎల్వీరా ఇల్లు మారలేదు, ఫోన్ నంబరు మార్చలేదు. ఆ కేసు చూసే పోలీసాయన మాత్రం నాలుగుసార్లు మారాడు. వచ్చిన ప్రతివాడూ మళ్లీ మొదట్నుంచీ, ఎత్తెంత, తాగేదా అని అడిగాడు. నాలుగోవాడికి ఆవిడ జవాబులన్నీ కాగితం మీద రాసిచ్చి, పోగొట్టకు నాయనా అని చెప్పింది. పోగొట్టాడు.

“నేనే పెట్టాను ఆంటీ,” అన్నాడు డార్విన్, ఇక ఉండబట్టలేక. “జోలీన్‌ని వదిలెయ్.”

ఎల్వీరా తిరిగి చూసింది. “పోయినవాళ్లకే పళ్లెమని మీ అమ్మమ్మ నీకు చెప్పలేదా?”

“చెప్పింది. గౌన్లు లెక్కపెట్టి పెట్టేశా.”

“చదువు మానేసినా లెక్కల జబ్బు వదల్లేదన్నమాట.”

జోలీన్ నవ్వు ఆపుకోలేక పళ్లెం వదిలేసింది. ఎల్వీరా దాన్ని తీసుకుని మంటవైపు చూడకుండా వెళ్లి మెట్ల మీద కూర్చుంది. దుప్పి మాంసం, రొట్టె, ఎండబెట్టిన బెర్రీలు. ముక్క కూడా మిగల్చకూడదన్నట్టు తినడం మొదలుపెట్టింది.

“నువ్వూ కూర్చో. నువ్వు చేసిన తప్పుకి నా ఒక్కదాని పొట్ట చాలదు.”

డార్విన్ కూర్చుని రొట్టె తుంచుకున్నాడు. అవతల పదకొండు పళ్లాలూ ఒకదాని తర్వాత ఒకటి మంటలోకి వెళ్లాయి. ఆవిడ లేచి నిలబడింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ కూర్చుని మిగిలిన మాంసం తినేసింది.

అప్పుడు చెట్టుకి ఆనించిన ట్రీనా బొమ్మ చూపించింది. “అదెవరు?”

డార్విన్‌కి మళ్లీ విసుగొచ్చింది. “ట్రీనాయే కదా. నువ్విచ్చిన ఫోటో చూసే గీశాను.”

“అది పంతొమ్మిదేళ్ల పిల్లరా. దానికిప్పుడు ముప్పై ఒకటి. ఆ మొహం పట్టుకుని వెతికితే ఎదురుగా వచ్చి నిలబడినా ఎవరూ పోల్చుకోరు. మా ఇంటి ఆడవాళ్లకి ముప్పై దాటగానే చెవి పక్కన నెరుస్తుంది. బుగ్గలొస్తాయి. ఇప్పటి ట్రీనాని గీసి తీసుకురా. నవ్వుతున్నట్టు మాత్రం గీయకు. ఇంతాలస్యం చేశావేం పెద్దమ్మా అని నామీద విసుక్కుంటున్నట్టు గియ్యి.”