బూడిద కలిపిన శ్లాబు

తుఫానులో కొబ్బరిచెట్టు విరిగిపడి మా డాబా కప్పు నెర్రెలిచ్చింది. పడగొట్టాక మిగిలిన కాంక్రీటు పెళ్లలను పారేయడానికి నాన్నకు మనసొప్పలేదు. రోడ్డు పనుల్లో సూపర్‌వైజరుగా ఉన్న మా మావయ్య ఓ ఉపాయం చెప్పాడు. పెళ్లలను చితక్కొట్టి, నానబెట్టి, కంకర బదులు వాడమన్నాడు. పాత ముక్కలకు బలం తక్కువ కాబట్టి, పోనుపోను గట్టిపడేలా సిమెంటు కొంత తగ్గించి, దాని బదులు కాశీబుగ్గలో ఇటుకలు పోసేవాళ్లు తెప్పించే బొగ్గు బూడిద కలపమన్నాడు.

"బూడిద నెమ్మదిగా బిగుసుకుంటాది బావా. తరవాత మా గట్టిగుంటాది. గానీ కింద కర్రలు తొందరపడి తీసీకు," అని మరీమరీ చెప్పాడు.

ఆ ఏడాది మా ఊళ్లో అందరూ ఇళ్లు కట్టుకునేవాళ్లే. శ్లాబు కింద నిలబెట్టే సరుగుడు కర్రలు ఇంటింటికీ వంతులవారీగా తిరిగేవి. మా తర్వాత వంతు పెదనాన్నది. ఆయన పెళ్లాంపిల్లలతో టార్పాలిన్ కింద తడుస్తున్నాడు. సొంత అన్న వచ్చి గుమ్మంలో నిలబడితే, ఇంకొన్నాళ్లు ఆగమనడానికి నాన్నకు నోరు రాలేదు. కర్రలు తీయించేశాడు. మర్నాటికే నడిగదిలో శ్లాబు కిందికి వంగి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బీట వేసింది.

అమ్మ నెత్తి బాదుకుంది. నాన్న మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నాడు. "అన్నియ్య బాధపడతాడు," అన్నాడు. పెదనాన్న అడిగితే, శ్లాబు బ్రహ్మాండంగా వచ్చిందని చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మంచితనానికైనా ఓ హద్దుండాలి.

ఆ మాట నమ్మి పెదనాన్న మా దగ్గర మిగిలిన పెళ్లలతో, అదే బూడిదతో తన శ్లాబు పోయించాడు. ఓ పొద్దున, అవతలి వీధివాళ్ల వంతు వచ్చిందని ఆయన కర్రలు విప్పిస్తున్నట్టు తెలిసింది. నాన్న కంచం ముందు నుంచి లేచి పరుగెత్తాడు.

"తియ్యొద్దన్నియ్యా! నాది బీటిచ్చీసింది!" అని అందరి ముందూ అరిచాడు.

పెదనాన్న పని ఆపించి మా ఇంటికొచ్చాడు. తలెత్తి ఆ బీటను చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను బాధపడతానని దాసీసేవా? రేపు నా పిల్లలు ఆ కిందే కదరా తొంగునేది," అన్నాడు.

పెదనాన్న కర్రలు వానాకాలం పోయేదాకా కదపలేదు. ఆయన శ్లాబు ఇప్పటికీ రాయిలా ఉంది. అన్నదమ్ముల రాకపోకలూ ఆగలేదు. కానీ ఆనాటి నుంచి నాన్న ఏం చెప్పినా, నమ్మేముందు పెదనాన్న ఓసారి మా అమ్మ మొహం చూసేవాడు.